స్పోర్ట్స్ కారు టైర్లు మారుస్తున్నారా? సైజు ఒక్కటే చూస్తే సరిపోదు.. డబ్బు కట్టేముందు ఈ లెక్కలు తెలుసుకోండి

లింగంపేట (కామారెడ్డి జిల్లా): కారు ఖరీదు కోటి రూపాయలు కావచ్చు. ఇంజిన్ 400 హార్స్‌పవర్ కావచ్చు. కానీ ఆ కారుకూ రోడ్డుకూ మధ్య ఉండేది నాలుగు అరచేతులంత రబ్బరు మాత్రమే. ఆ రబ్బరు అరిగిపోయినా, ముదిరిపోయినా, కారుకు సరిపోనిది అయినా బ్రేకులు, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగులు అన్నీ ఉండి కూడా కారు అదుపు తప్పుతుంది.

హైదరాబాద్‌లో కొన్న స్పోర్ట్స్ కార్లు, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న జర్మన్ సెడాన్లు ఇప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు దాటి జిల్లాల దాకా వస్తున్నాయి. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వెళ్లే దారిలో ఉన్న లింగంపేటకు, ఇక్కడి నాగన్న మెట్ల బావి చూడటానికి వారాంతాల్లో డ్రైవ్‌కు బయల్దేరేవాళ్లూ ఉన్నారు. ఔటర్ మీద బాగున్న టైరు ఈ దారిలోనూ బాగుంటుందా? పాత టైర్లు తీసేసి కొత్తవి వేయించేటప్పుడు ఏం చూడాలి? వివరంగా చూద్దాం.

ముఖ్యాంశాలు
- గాడులు లోతుగా ఉన్నా, ఏళ్లు గడిచిన టైరు ప్రమాదమే
- సైజుతో పాటు లోడ్ ఇండెక్స్, స్పీడ్ రేటింగ్ తప్పక సరిపోవాలి
- రెండే మారిస్తే కొత్తవి వెనక చక్రాలకే
- ట్రాక్ టైర్లు వానాకాలం రోడ్లకు పనికిరావు
- 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది

కొత్తగా కనిపిస్తే కొత్తది కాదు

స్పోర్ట్స్ కార్లతో ఉన్న చిక్కు ఏంటంటే, అవి ఎక్కువగా తిరగవు. ఏడాదికి రెండు మూడు వేల కిలోమీటర్లు కూడా నడవని కార్లు బోలెడు. ఐదారేళ్లైనా టైరు గాడులు లోతుగానే కనిపిస్తాయి. దాంతో ‘ఇంకా చాలా రోజులు వస్తాయి’ అనుకుంటారు. కానీ రబ్బరు అరగకపోయినా ముదురుతుంది. ఎండ, వేడి, గాలిలోని ఆక్సిజన్ కలిసి దాన్ని గట్టిపరుస్తాయి. గట్టిపడ్డ రబ్బరు రోడ్డును పట్టుకోలేదు.

దీనికి ప్రపంచమంతా తెలిసిన ఉదాహరణ ఉంది. ‘ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్’ సినిమాల నటుడు పాల్ వాకర్ 2013 నవంబరు 30న అమెరికాలోని కాలిఫోర్నియాలో కారు ప్రమాదంలో చనిపోయారు. ఆయన స్నేహితుడు రోజర్ రోడాస్ నడుపుతున్న ఆ కారు 2005 మోడల్ పోర్షే కరెరా జీటీ. ప్రమాదానికి కారణం అతివేగమేనని 2014 మార్చిలో దర్యాప్తు అధికారులు తేల్చారు. 72 కిలోమీటర్ల వేగ పరిమితి ఉన్న రోడ్డు మీద ఆ కారు గంటకు 129 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వెళ్లిందని లెక్కగట్టారు. దాంతో పాటు మరో విషయమూ చెప్పారు. ఆ కారు టైర్లు తొమ్మిదేళ్లకు పైబడినవి. ఆ వయసు వల్ల కారు కంట్రోల్ దెబ్బతిని ఉండొచ్చని నివేదికలో రాశారు.

టైరు వయసు తెలుసుకోవడం చాలా తేలిక. టైరు పక్కభాగం, అంటే సైడ్‌వాల్ మీద ‘డాట్’ అనే అక్షరాల వరుస ఉంటుంది. దాని చివర నాలుగు అంకెలు ఉంటాయి. 3524 అని ఉంటే 2024వ సంవత్సరం 35వ వారంలో, అంటే ఆగస్టు చివర్లో తయారైందని అర్థం. ఈ నాలుగంకెలు టైరుకు ఒకవైపే ఉండొచ్చు. బయటికి కనిపించకపోతే కారును లిఫ్ట్ మీద ఎక్కించి లోపలివైపు చూడాలి.

ఆరేళ్లు దాటితే మార్చడం మంచిదని చాలా కార్ల కంపెనీలు చెబుతాయి. ఐదేళ్ల తర్వాత ఏడాదికోసారి చెక్ చేయించాలని, ఎంత బాగున్నా పదేళ్లు మించి వాడొద్దని మిషెలిన్ వంటి టైర్ల కంపెనీలు అంటాయి. సెకండ్ హ్యాండ్‌లో స్పోర్ట్స్ కారు తీసుకునేవాళ్లు ఓడోమీటర్ చూసినంత శ్రద్ధగా ఈ నాలుగు అంకెలు కూడా చూడాలి.

సైడ్‌వాల్ మీద రాసింది ఇలా చదవాలి

పోర్షే 911 కరెరా (992)నే తీసుకుందాం. దీని ముందు టైరు సైజు 235/40 జెడ్‌ఆర్ 19. వెనక టైరు 295/35 జెడ్‌ఆర్ 20. ముందొక సైజు, వెనకొక సైజు. దీన్ని ‘స్టాగర్డ్’ సెటప్ అంటారు.

235 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 40 అంటే ఆ వెడల్పులో 40 శాతం సైడ్‌వాల్ ఎత్తు. అంటే 94 మిల్లీమీటర్లు. ‘ఆర్’ అంటే రేడియల్. 19 అంటే రిమ్ వ్యాసం, అంగుళాల్లో. ‘జెడ్’ ఉంటే గంటకు 240 కిలోమీటర్ల పైన వేగానికి తయారు చేసిందని గుర్తు.

సైజు తర్వాత ఒక అంకె, ఒక అక్షరం ఉంటాయి. ఉదాహరణకు 94వై. ఇందులో 94 అనేది లోడ్ ఇండెక్స్. ఒక్కో టైరు 670 కిలోల బరువు మోయగలదని అర్థం. 91 అయితే 615 కిలోలు, 98 అయితే 750 కిలోలు. చివరి అక్షరం స్పీడ్ రేటింగ్. హెచ్ అంటే 210, వి అంటే 240, డబ్ల్యూ అంటే 270, వై అంటే 300 కిలోమీటర్లు.

ఇక్కడే చాలామంది ఒక వాదన చేస్తారు. ‘ఔటర్ రింగ్ రోడ్డు మీదే 120 దాటకూడదు. నాకు 300 రేటింగ్ టైరు ఎందుకు? హెచ్ రేటింగ్ చాలు, ధర తక్కువ’ అని. వినడానికి బాగానే ఉంటుంది. కానీ స్పీడ్ రేటింగ్ అంటే వేగం ఒక్కటే కాదు. వేడిని టైరు ఎంత తట్టుకుంటుంది, లోపలి కట్టు ఎంత గట్టిది, మలుపులో ఎంత నిలబడుతుంది అన్నవి కూడా దానితో ముడిపడి ఉంటాయి. కారు సస్పెన్షన్, బ్రేకులు, స్టెబిలిటీ కంట్రోల్ అన్నీ ఆ టైరును లెక్కలోకి తీసుకునే ట్యూన్ చేస్తారు. కంపెనీ చెప్పిన దానికంటే తక్కువ లోడ్ ఇండెక్స్, తక్కువ స్పీడ్ రేటింగ్ ఉన్న టైరు వేయకూడదు. ఎక్కువ ఉంటే ఇబ్బంది లేదు.

ఆ చిన్న గుర్తుల వెనక కథ

ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే సైజు టైర్లు రెండు పక్కపక్కన పెట్టినా అవి ఒకటే కాకపోవచ్చు. కార్ల కంపెనీలు తమ కార్ల కోసం ప్రత్యేకంగా చేయించుకున్న టైర్ల మీద చిన్న గుర్తు వేయిస్తాయి. పోర్షేకు ఎన్0, ఎన్1 వరుస. బీఎండబ్ల్యూకు నక్షత్రం గుర్తు. మెర్సిడెస్‌కు ఎంఓ. ఆడికి ఏఓ. ఫెరారీకి కె1.

ఈ గుర్తున్న టైరే వేయాలా? వారంటీలో ఉన్న కారైతే, ఖరీదైన స్పోర్ట్స్ కారైతే అదే మంచి దారి. గుర్తు లేని టైరు వేసినంత మాత్రాన ప్రమాదమేం కాదు. కానీ నాలుగు చక్రాలకూ ఒకే కంపెనీ, ఒకే మోడల్ ఉండాలి. ముందు ఒక బ్రాండ్, వెనక మరో బ్రాండ్ వేస్తే గట్టిగా బ్రేక్ వేసినప్పుడు ముందు చక్రాలు ఒకలా, వెనక చక్రాలు ఇంకోలా పట్టుకుంటాయి. కారు ఎటు జారుతుందో చెప్పలేం.

ఇక దొరకడం సంగతి. 2020 జూన్‌లో కేంద్రం కొన్ని రకాల కొత్త టైర్ల దిగుమతిని ‘రిస్ట్రిక్టెడ్’ జాబితాలో పెట్టింది. అప్పట్నుంచి విదేశాల నుంచి రావాల్సిన సైజులకు లైసెన్సు కావాలి. కాబట్టి అరుదైన సైజు టైరు అడిగిన రోజే దొరుకుతుందనుకోవద్దు. టైర్లు పూర్తిగా అరిగేదాకా ఆగకుండా రెండు మూడు నెలల ముందే ఆర్డర్ ఇవ్వాలి. ఎప్పుడో ఒకటి అమ్ముడయ్యే సైజు అయితే షాపులో ఏళ్ల తరబడి ఉండిపోయిన సరుకూ తగలొచ్చు. బిగించకముందే నాలుగు టైర్ల తయారీ తేదీలూ చూసుకోవాలి. ఐఎస్ఐ మార్కు లేని టైరు ఎంత చౌకగా ఇస్తామన్నా తీసుకోవద్దు.

సమ్మర్ టైరు అంటే ఎండాకాలానికే కాదు

స్పోర్ట్స్ కారు టైర్లలో స్థూలంగా మూడు రకాలు. మొదటిది ‘సమ్మర్’ లేదా మ్యాక్స్ పర్ఫార్మెన్స్ టైరు. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్, పిరెల్లీ పి జీరో, కాంటినెంటల్ స్పోర్ట్‌కాంటాక్ట్ 7, బ్రిడ్జ్‌స్టోన్ పొటెంజా స్పోర్ట్ వంటివి ఈ కోవలోకి వస్తాయి. రెండోది ఆల్ సీజన్. మూడోది ట్రాక్ కోసం చేసిన సెమీ స్లిక్.

పేరు చూసి సమ్మర్ టైరు వానాకాలంలో జారుతుందని భయపడేవాళ్లున్నారు. అది నిజం కాదు. ఆ పేరు మంచు కురిసే దేశాల నుంచి వచ్చింది. చలి 7 డిగ్రీల కంటే తగ్గితే ఈ రబ్బరు గట్టిపడుతుంది కాబట్టి అక్కడ చలికాలానికి వేరే టైర్లు మారుస్తారు. కామారెడ్డి వైపు డిసెంబరు తెల్లవారుజామున చలి వణికించినా రోడ్డు మీద మంచు గడ్డలు ఉండవు. ఇక్కడ ఏడాది పొడవునా సమ్మర్ టైరే సరైనది. తడి రోడ్డు మీద బ్రేకింగ్‌లోనూ మంచి సమ్మర్ టైర్లు ముందుంటాయి.

సెమీ స్లిక్ సంగతి వేరు. వాటికి గాడులు తక్కువ. రేస్ ట్రాక్ మీద పొడి రోడ్డులో వాటిని మించినవి లేవు. జోరు వానలో మాత్రం నీళ్లు బయటికి పోవడానికి దారి ఉండదు. టైరు నీటి పొర మీద తేలిపోతుంది. దీన్నే హైడ్రోప్లేనింగ్ అంటారు. అప్పుడు స్టీరింగ్ తిప్పినా, బ్రేక్ తొక్కినా కారు వినదు.

రేసు కార్లు కూడా రోడ్డును బట్టే టైరు వేసుకుంటాయి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ రేసునే తీసుకోండి. ఆ కార్లన్నీ వాడింది హాంకుక్ కంపెనీ గాడుల టైర్లే. ఎండైనా, వానైనా అదే టైరు. ఫార్ములా వన్‌లోలాగా పొడి రోడ్డుకు నున్నటి స్లిక్, తడికి వేరే టైరు అనే పద్ధతి అక్కడ లేదు. ఆ టైర్లతోనే జాన్ ఎరిక్ వెర్న్ ఆ రేసు గెలిచాడు.

ఔటర్ వేరు.. లింగంపేట దారి వేరు

ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు. సాఫీగా ఉంటుంది. అక్కడి నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద కామారెడ్డి దాకా కూడా పెద్ద ఇబ్బంది లేదు. కామారెడ్డి దాటి ఎల్లారెడ్డి వైపు తిరిగాకే టైరుకు అసలు పరీక్ష. ఊరూరికీ స్పీడ్ బ్రేకర్లు, రోడ్డు అంచున గుంతలు. నాట్ల సమయంలో ట్రాక్టర్లు పొలాల నుంచి రోడ్డెక్కించే బురద. కోతలయ్యాక రోడ్డు మీద ఆరబోసిన వడ్లు. పొడి వడ్ల మీద వెడల్పాటి టైరు ఇసుక మీద వెళ్లినట్టే జారుతుంది.

2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి జిల్లాలో కుండపోత వానలకు రోడ్లు తెగిపోయాయి. జాతీయ రహదారి మీదికీ వరద వచ్చింది. అలాంటి రోజున ఏ టైరూ కాపాడదు, కారు బయటికి తీయకపోవడమే మేలు. కానీ మామూలు వానలో మాత్రం టైరు గాడుల లోతే దిక్కు. కొత్త టైరులో ఈ లోతు సాధారణంగా 7 నుంచి 8 మిల్లీమీటర్లు. చట్టం ప్రకారం కారు టైరుకు 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. గాడుల అడుగున ఉండే చిన్న దిమ్మెలతో టైరు సమానమైందంటే ఆ హద్దుకు వచ్చేసినట్టే. వెడల్పు టైరు త్వరగా నీటి మీద తేలుతుంది కాబట్టి స్పోర్ట్స్ కారుకు 3 మిల్లీమీటర్ల దగ్గరే మార్చుకోవడం క్షేమం. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. 120లో అయితే 33 మీటర్లు. బురద కనిపించాక ఆలోచించడానికి టైం ఉండదు.

ఇంకో సంగతి రిమ్ సైజు. అందం కోసం పెద్ద రిమ్ వేసి, సన్నటి టైరు తొడిగించడం ఇప్పుడు ఫ్యాషన్. 225/45 ఆర్ 17 టైరు మొత్తం వ్యాసం దాదాపు 634 మిల్లీమీటర్లు. దాని బదులు 225/40 ఆర్ 18 వేస్తే 637 మిల్లీమీటర్లు. తేడా అర శాతం లోపే, స్పీడోమీటర్‌కు ఇబ్బంది లేదు. కానీ సైడ్‌వాల్ 101 మిల్లీమీటర్ల నుంచి 90కి తగ్గిపోతుంది. గుంతలో పడ్డప్పుడు దెబ్బను మింగేది ఆ సైడ్‌వాలే. అది తగ్గితే దెబ్బ నేరుగా రిమ్‌కు తగులుతుంది. రిమ్ వంగుతుంది, టైరు పక్కన కాయలా ఉబ్బుతుంది. అలా ఉబ్బిన టైరు ఎప్పుడు పగిలిపోతుందో తెలియదు. రిపేరు ఉండదు, మార్చాల్సిందే. జిల్లా రోడ్ల మీద ఎక్కువ తిరిగేవాళ్లు కంపెనీ అనుమతించిన సైజుల్లో చిన్న రిమ్, ఎత్తు సైడ్‌వాల్ ఎంచుకోవడం తెలివైన పని.

పంక్చర్ అయితే ఏం చేయాలి?

చాలా స్పోర్ట్స్ కార్లలో స్టెప్నీ ఉండదు. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి ఎంతుందో చెప్పే సెన్సర్లు, రిపేర్ కిట్ ఉంటే స్టెప్నీ అవసరం లేదని 2020లో కేంద్రం నిబంధనలు సవరించింది. కొన్ని కార్లకు రన్‌ఫ్లాట్ టైర్లు వస్తాయి. వీటిలో గాలి మొత్తం పోయినా గంటకు 80 కిలోమీటర్లు మించకుండా సుమారు 80 కిలోమీటర్ల దూరం పోవచ్చు. లింగంపేట దగ్గర పంక్చర్ అయితే కామారెడ్డి చేరొచ్చు. హైదరాబాద్ మాత్రం చేరలేరు. రన్‌ఫ్లాట్ ఉన్న కారుకు మామూలు టైర్లు వేయించుకుంటే మెత్తగా నడుస్తుంది, ధరా తగ్గుతుంది. కానీ డిక్కీలో గాలి పంపు, సీలెంట్ కిట్ తప్పనిసరి.

పంక్చర్ నడి మధ్యలో, 6 మిల్లీమీటర్ల లోపు రంధ్రమైతే లోపలి నుంచి మష్రూమ్ ప్యాచ్ వేయించొచ్చు. పైనుంచి గుచ్చే దారం లాంటి ప్లగ్ షాపు దాకా చేరడానికే. దాంతో హైవే మీద స్పీడ్‌గా వెళ్లడం కోరి ప్రమాదం తెచ్చుకోవడమే. అంచున, సైడ్‌వాల్ మీద పంక్చర్ అయితే టైరు మార్చాలి.

నాలుగూ మార్చాలా? రెండు చాలా?

ఆల్ వీల్ డ్రైవ్ కారైతే నాలుగూ మార్చడమే మంచిది. కొత్త, పాత టైర్ల చుట్టుకొలతలో తేడా ఉంటే లోపలి గేర్లు, డిఫరెన్షియల్ మీద భారం పడుతుంది. ఆ రిపేరు ఖర్చు ముందు టైర్ల ఖర్చు ఎంతో కాదు.

నాలుగు చక్రాలకూ ఒకే సైజు ఉన్న టూ వీల్ డ్రైవ్ కారుకు రెండే మారిస్తే, కొత్తవి వెనక్కి వేయాలి. ‘స్టీరింగ్, బ్రేక్ ముందు కదా, కొత్తవి ముందు వేయండి’ అని చాలామంది అడుగుతారు. అది పొరపాటు. తడి రోడ్డు మీద ముందు చక్రాలు జారితే కారు నేరుగా పోతుంది, యాక్సిలరేటర్ వదిలితే సర్దుకునే అవకాశం ఉంటుంది. వెనక చక్రాలు జారితే కారు గిర్రున తిరిగిపోతుంది. మామూలు డ్రైవర్ దాన్ని ఆపలేడు.

ధర, గాలి.. చివరి లెక్కలు

2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. ఉదాహరణకు పన్ను కాకుండా టైరు 20 వేలు అనుకుంటే, ఇంతకుముందు 25,600 అయ్యేది. ఇప్పుడు 23,600. నాలుగు టైర్లకు 8 వేలు మిగులుతుంది. బిల్లులో ఏ రేటు వేశారో చూసుకోవాలి.

టైరు ఎన్నాళ్లొస్తుందో అంచనాకు యూటీక్యూజీ ట్రెడ్‌వేర్ అంకె చూడొచ్చు. పైలట్ స్పోర్ట్ 4ఎస్‌కు ఇది 300. అంకె పెరిగేకొద్దీ టైరు ఎక్కువ నడుస్తుంది, సాధారణంగా గ్రిప్పు కొంత తగ్గుతుంది. అయితే ఆ అంకె వేసేది కంపెనీలే కాబట్టి వేర్వేరు బ్రాండ్ల మధ్య పోలికకు దాన్ని పూర్తిగా నమ్ముకోకూడదు.

స్పోర్టీ హ్యాచ్‌బ్యాక్, సెడాన్ యజమానులకు మాత్రం దేశీయ బ్రాండ్లలోనూ మంచి ఎంపికలున్నాయి. ఎంఆర్‌ఎఫ్‌కు సంగారెడ్డి జిల్లా సదాశివపేటలో ఫ్యాక్టరీ ఉంది. అపోలో ప్లాంటు ఆంధ్రప్రదేశ్‌లోని చినపాండూరులో నడుస్తోంది. ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీకి వచ్చే 205/55 ఆర్ 16 లాంటి సైజులు దిగుమతి మీద ఆధారపడకుండానే దొరుకుతాయి. టైర్లకు తడి రోడ్డు గ్రిప్పు, రోలింగ్ రెసిస్టెన్స్ పరీక్షలను కేంద్రం 2022 అక్టోబరు నుంచి దశలవారీగా తప్పనిసరి చేసింది.

ఇక గాలి. ఎండాకాలంలో టైరు పేలుతుందని గాలి తగ్గించి కొట్టించడం మన దగ్గర పాత అలవాటు. అసలు ప్రమాదం అందులోనే ఉంది. గాలి తక్కువైతే సైడ్‌వాల్ ఎక్కువగా వంగుతుంది, వేడెక్కుతుంది, చివరికి చిట్లిపోతుంది. బయట 10 డిగ్రీల వేడి పెరిగితే టైరులో సుమారు 2 పీఎస్‌ఐ పెరుగుతుంది. కంపెనీలు దాన్ని లెక్కలో పెట్టుకునే అంకె ఇస్తాయి. డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉన్నంత గాలి, పొద్దున్నే కారు తీయకముందు కొట్టించాలి. నైట్రోజన్ మంచిదే కానీ తప్పనిసరి కాదు, మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంటుంది.

షాపులో డబ్బు కట్టేముందు ఇవి చూడండి

1. సైజు, లోడ్ ఇండెక్స్, స్పీడ్ రేటింగ్ మాన్యువల్‌తో సరిపోయాయా?
2. నాలుగు టైర్ల తయారీ వారం, సంవత్సరం ఎంత? ఏడాది దాటితే వేరేవి అడగాలి.
3. ఐఎస్ఐ మార్కు ఉందా? కార్ల కంపెనీ గుర్తు నాలుగింటికీ ఒకటేనా?
4. ‘ఔట్‌సైడ్’ అని రాసిన వైపు బయటికే బిగించారా? బాణం గుర్తుంటే చక్రం తిరిగే దిశకే ఉందా?
5. సన్నటి టైరు గీతలు పడకుండా బిగించే మిషన్ షాపులో ఉందా?
6. వాల్వులు, సెన్సర్లు చూశారా? బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ చేసి ప్రింట్ ఇచ్చారా?
7. జీఎస్టీ బిల్లు, వారంటీ కార్డు మీద టైరు నంబర్లు రాశారా?

టైర్లు బిగించాక మొదటి 200, 300 కిలోమీటర్లు నెమ్మదిగా నడపాలి. కొత్త టైరు మీద తయారీ అచ్చుకు పూసిన జారుడు పూత కొంత మిగిలి ఉంటుంది. అది అరిగేదాకా పూర్తి గ్రిప్పు రాదు. 50 కిలోమీటర్లు తిరిగాక వీల్ బోల్టులు మరోసారి టార్క్ రెంచ్‌తో బిగించి చూపించుకోవాలి.